పొద్దునా, సాయంత్రమా?

క్వాల్నెస్ ఒలీనాకి డెబ్బై దాటినా ఒక అలవాటు పోలేదు. నవంబరు చివర సూర్యుడు కొండల వెనక్కి దిగిపోయి, జనవరి చివరిదాకా మొహం చూపించని ఆ రెండు నెలలూ, గుమ్మంలో ఎవరు కాలు పెట్టినా, బూట్ల మంచు దులుపుకోకముందే అడిగేది: "పొద్దునా, సాయంత్రమా?"

గోడమీద గడియారం ఉంది. కిటికీ పక్కన రేడియో ఉంది. కూతురు కొనిచ్చిన చేతిగడియారం మణికట్టునే ఉంటుంది. అయినా అడిగేది. చెప్పేదాకా కాఫీ పోసేది కాదు. ఒకసారి చేపల కంపెనీలో పనిచేసే ఒక గడుగ్గాయి, పొద్దున్నే వచ్చి, సరదాకి "సాయంత్రం, అవ్వా" అన్నాడు. వాణ్ణి రెక్క పట్టుకుని మంచులోకి నెట్టి తలుపేసింది. ముసలిదానికి చాదస్తం ముదిరిందని ఆ సముద్రపు పాయ ఒడ్డు పొడవునా చెప్పుకుని నవ్వుకున్నారు. నవ్వినవాళ్ళకి సంగతి తెలియదు. తెలిసినవాళ్ళు నవ్వలేదు.

ఒలీనా పుట్టింది ఇక్కడ కాదు, దక్షిణాన, లోయల ప్రాంతంలో. అక్కడ క్రిస్మస్ రోజుల్లో కూడా సూర్యుడు నాలుగైదు గంటలు కనిపించి పోతాడు. పంతొమ్మిదేళ్ళప్పుడు ఒక వర్తకుడి ఇంట్లో వంటపనికని ఉత్తరానికి వచ్చింది. ఏడాది తిరక్కుండానే హోల్గర్ అనే జాలరిని పెళ్ళాడి క్వాల్నెస్ చేరింది. క్వాల్నెస్ అంటే ఊరేమీ కాదు. సముద్రం కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన పాయ ఒడ్డున ఒక ఇల్లు, ఒక కొట్టం, ఒక పడవషెడ్డు. ఇంట్లో హోల్గర్, అతని తండ్రి అమాండస్, కొట్టంలో డాగ్రోస్ అనే ఆవు, ఆరు గొర్రెలు.

మొదటి చలికాలం ఆ పిల్ల గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చింది. మామ అమాండస్‌కి జాలిపడటం చేతకాదు. ఆయనకి వచ్చిందల్లా వేళాకోళం.

"మీ దక్షిణాదిలో సూర్యుడు ఇల్లరికపుటల్లుడమ్మా, ఏడాదంతా అరుగుమీదే కూర్చుంటాడు. మాకు చుట్టం. రెండు నెలలు మొహం చాటేస్తాడు. మళ్ళీ వేసవిలో దిగబడ్డాడా, రెండు నెలలు రాత్రీ పగలూ కదలడు. పొమ్మన్నా పోడు."

"మరి ఈ చీకట్లో మనుషులెలా బతుకుతారు మావయ్యా?"

"తింటారు, పడుకుంటారు, ఒకళ్ళమీద ఒకళ్ళు కసురుకుంటారు. ఇంతలో వచ్చేస్తాడు."

అమాండస్ ఒకప్పుడు చుక్కల్ని చూసి గంట చెప్పగలిగినవాడు. సప్తర్షి మండలం కొండ కొమ్ముకి ఎటు వాలిందో చూసి, పది నిమిషాలు అటూ ఇటూ కాకుండా చెప్పేవాడట. డెబ్బయ్యో ఏట రెండు కళ్ళకీ శుక్లాలు కమ్మాయి. అప్పట్నుంచీ పొయ్యి పక్క బల్లమీద పడుకునేవాడు. కునుకు తీసి లేచినప్పుడల్లా అడిగేవాడు: "పొద్దునా, సాయంత్రమా?"

మొదట్లో ఒలీనాకి ఆ ప్రశ్న వింటే ఒళ్ళు మండేది. తర్వాత కూతురు సిగ్నె పుట్టింది, మాటలొచ్చాయి, ఆ ప్రశ్నకి జవాబు చెప్పే ఉద్యోగం పిల్లదైపోయింది. దానికి గడియారం చూడటం రాదు. తల్లి దగ్గరికి పరుగెత్తి, కనుక్కుని, తిరిగి పరుగెత్తి, తాత చెవిలో చెప్పేది. తాత "అమ్మయ్య, బతికించావు" అనేవాడు. రోజుకి ఎన్నిసార్లు జరిగినా ఇద్దరికీ విసుగు లేదు.

సిగ్నెకి అయిదో ఏడు నడుస్తున్న జనవరిలో, పండగలయ్యాక, హోల్గర్ అందరు మగవాళ్ళలాగే లోఫోటెన్ దీవులకి కాడ్ చేపల వేటకి వెళ్ళిపోయాడు. ఇక ఏప్రిల్‌కే రాక. ఆ తర్వాతి శుక్రవారం తుఫాను పట్టుకుంది. శనివారం సిగ్నె గొంతు నొప్పి అంది. ఆదివారానికి మెడ వాచింది. దీపం దగ్గరగా పెట్టి నోరు తెరిపిస్తే, గొంతులో బూడిదరంగు పొర. ఒలీనా చెల్లెలు చిన్నప్పుడు అలాంటి పొరతోనే పోయింది. కంఠసర్పి. పేరు చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు, మందు డాక్టరు దగ్గరే ఉంటుంది. డాక్టరుండేది పాయ దాటి, సముద్రం దాటి, స్టీమరుమీద అయిదు గంటల దూరంలో.

ఇటువైపు ఒడ్డున టెలిఫోను లేదు. పక్కింటికి వెళ్ళాలంటే కొండ దాటాలి, ఆ గాలిలో కొండ దాటబోయినవాణ్ణి వసంతంలో వెతుక్కోవాలి. మిగిలింది టపా స్టీమరు. అది వారానికోసారి, మంగళవారం పొద్దున ఆరింటికి క్వాల్నెస్ ముందునుంచి పోతుంది. అక్కడ రేవు లేదు. మనిషి ఎక్కాలంటే పడవషెడ్డు గుంజకి రెండు లాంతర్లు, ఒకదానికింద ఒకటి కట్టాలి. అది చూస్తే స్టీమరు ఆగుతుంది, మనం పడవలో ఎదురెళ్ళి ఎక్కుతాం. ఒక్క లాంతరు పట్టుకుని ఊపితే అది పలకరింపు. బాగున్నాం, మీ దారిన మీరు వెళ్ళిరండి అని. స్టీమరు రెండు చిన్న కూతలు కూసి బదులు పలికి పోతుంది.

మంగళవారం దాకా పిల్ల ఉంటే చాలు. రెండు రాత్రులు ఒలీనా కన్ను వాల్చలేదు. ఉప్పునీళ్ళు పుక్కిలింపించింది, వేడి ఆవిరి పట్టింది, తెలిసిన దేవుడి మాటలన్నీ చదివింది. సోమవారం మధ్యాహ్నం మూడింటికి గాలి పడిపోయింది. ఇక స్టీమరు తప్పకుండా వస్తుంది. పొద్దున అయిదింటికి లాంతర్లు కట్టాలనుకుని, లాంతర్లు రెండూ తుడిచి, చమురు పోసి, గుమ్మం పక్కన పెట్టింది. తర్వాత పిల్ల మంచం పక్క కుర్చీలో, ఒక్క నిమిషం, తల వాల్చింది.

లేచేసరికి గడియారం అయిదు చూపిస్తోంది.

పొయ్యిలో నిప్పు ఉంది. పిల్ల ఊపిరి గరగరలాడుతున్నా ఆడుతోంది. కిటికీలో చీకటి, ఇందాకటి చీకటే. దక్షిణపు కొండమీద మధ్యాహ్నాలు కాస్త నీలంగా వెలుగు తేలుతుందిగానీ, అది మబ్బులేని రోజుల్లో. నాలుగు రోజులుగా మబ్బు తొలగలేదు. రెండు గంటలు నిద్రపోయాను కాబోలు అనుకుంది ఒలీనా. పిల్లని వదిలేసి పడుకున్నందుకు తనని తాను తిట్టుకుంది.

బల్లమీద ముసలాయన కదిలాడు. "పొద్దునా, సాయంత్రమా?"

"సాయంత్రం. అయిదు."

"నాకలా అనిపించట్లేదు కోడలా. పొయ్యిలో మూడుసార్లు పీటు మట్టిపెళ్ళలు వేసి మంట నిలిపాను. చంటిదానికి చెంచాతో నీళ్ళు కూడా పట్టాను, అది మాత్రం ఎన్నిసార్లో లెక్కలేదు. నువ్వు పడుకున్నావు కదా అని లేపలేదు. నా కడుపు కూడా పొద్దున అంటోంది."

"మీ కడుపు ఎప్పుడూ ఏదో ఒకటి అంటూనే ఉంటుంది."

"పోనీ, లాంతర్లు ఇప్పుడే కడితే పోయేదేముంది?"

"చమురు పోతుంది. తెల్లారేసరికి ఆరిపోతాయి, అప్పుడు మీరెళ్ళి నింపుతారా?" రెండు రాత్రుల అలసట, భయం, చెల్లెలి జ్ఞాపకం, అన్నీ కలిసి నోటికొచ్చాయి. "మీ కళ్ళకి ఎప్పుడూ చీకటేగా మావయ్యా. పొద్దునైతేనేం, సాయంత్రమైతేనేం. నన్ను ఊపిరాడనివ్వండి."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. ముసలాయన గోడవైపు తిరిగాడు.

కొట్టంలో డాగ్రోస్ అరుస్తోంది. పాలు తీసే వేళ. ఆవుకి రోజుకి రెండు వేళలు, రెండూ దానికి ఒకటే. పాయలో నీళ్ళు పోటుమీద ఉన్నాయి, ఒడ్డు రాళ్ళ దగ్గర చప్పుడు వినిపిస్తోంది. పోటూ రోజుకి రెండుసార్లే. గడియారంలో అయిదు కూడా రెండుసార్లే. క్వాల్నెస్‌లో ఆరోజు అబద్ధం చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. అన్నీ సగం నిజం చెప్పాయి, మిగతా సగం చెప్పాల్సినవాడు కొండల కింద ఉన్నాడు.

పిల్లకి నీళ్ళు పట్టి, పక్క మార్చి, ఒలీనా బొగ్గు మసి పట్టిన చిన్న లాంతరు తీసుకుని కొట్టంలోకి వెళ్ళింది. డాగ్రోస్ పొదుగు రాయిలా బిగిసిపోయి ఉంది, ముట్టుకుంటే తన్నబోయింది. పాలు పడుతున్నాయి, పడుతూనే ఉన్నాయి. బకెట్ సగం దాటింది. అంచుకొచ్చింది. రోజూ ఒక పూటకి సగం బకెట్టే ఇచ్చే ఆవు. ఒలీనా చేతులు ఆగాయి. ఒక పూట పాలు తియ్యకుండా వదిలేస్తేనే ఇన్ని పాలు ఉంటాయి.

అప్పుడే పాయ మొగలో స్టీమరు కూసింది.

ఆమెకి బకెట్ తన్నేసిన సంగతి గుర్తులేదు. తలుపు తోసుకుని మంచులో పడింది, లేచింది. స్టీమరు దీపాలు అప్పటికే ఎదురుగా ఉన్నాయి, ఎర్రది, తెల్లది, దగ్గరగా, ఎంత దగ్గరగా అంటే ఇంజను చప్పుడు వినిపిస్తోంది. తుడిచి పెట్టిన లాంతర్లు గుమ్మం దగ్గర, ఇంట్లో. చేతిలో ఉన్నది కొట్టం లాంతరొక్కటే. ఒడ్డుదాకా పరుగెత్తి, ఆ లాంతరు తలమీదకెత్తి, పిచ్చిదానిలా ఊపింది. ఆగండి, ఆగండి అని అరిచింది.

స్టీమరు చూసింది. రెండు చిన్న కూతలు కూసింది. బాగున్నారా, మంచిది, వెళ్ళొస్తాం అని మర్యాదగా చెప్పి, పాయ లోపలికి సాగిపోయింది.

ఒలీనా ఒడ్డున మోకాళ్ళమీద కూలబడింది. పళ్ళు కొరుకుతూ మంచుని పిడికిళ్ళతో కొట్టింది. మళ్ళీ మంగళవారం దాకా ఏడు రోజులు. పిల్లకి ఏడు రోజులు లేవు. బహుశా రెండు కూడా లేవు. నా చేతులారా చంపుకున్నాను అనుకుంది, ఆ మాట పైకే అంది.

ఇంట్లోకి వచ్చేసరికి అమాండస్ లేచి, బూట్లు తొడుక్కుని కూర్చున్నాడు. నేను చెప్పలేదా అంటాడనుకుంది. అంటే బాగుండేది.

"స్టీమరు పాయ చివర పిండి, ఉప్పు దించాలి," అన్నాడు ఆయన. "తొమ్మిదింటికి అవతలి ఒడ్డువెంట తిరిగొస్తుంది. మనం అడ్డంగా దాటితే దొరుకుతుంది. పిల్లని గొర్రెతోలులో చుట్టు. లాంతర్లు రెండూ వెలిగించి తీసుకో."

"రెండున్నర మైళ్ళు మావయ్యా. తుఫాను అలలు ఇంకా తగ్గలేదు. నేనొక్కదాన్నీ..."

"నువ్వొక్కదానివెందుకు? తెడ్డు వెయ్యడానికి కళ్ళతో పనేముంది?"

డెబ్బయి ఆరేళ్ళ మనిషి. ఆరేళ్ళుగా పడవెక్కలేదు. ఒలీనా ఆపలేదు. ఆపాల్సిందని తర్వాత వేలసార్లు అనుకుంది, ఆపితే ఏమయ్యేదో కూడా ఆమెకి తెలుసు.

పడవ వెనకభాగంలో గొర్రెతోలు మూట, మూటలో పిల్ల. ముందు ఒలీనా, వెనక ముసలాయన, ఇద్దరి చేతుల్లో రెండేసి తెడ్లు. నీళ్ళెక్కడో ఆకాశమెక్కడో తెలియని నలుపు. అల పైకెత్తినప్పుడు అవతలి ఒడ్డున ఒక ఇంటి దీపం కనిపించేది, దిగినప్పుడు పోయేది. తెడ్డుమీద చిమ్మిన నీళ్ళు గడ్డకడుతున్నాయి. గంట గడిచేసరికి ముసలాయన ఊపిరి, పిల్ల ఊపిరి ఒకే రకంగా గరగరలాడుతున్నాయి. ఏది ఎవరిదో ఒలీనాకి తెలియలేదు.

"ఊపిరి ఆడుతోందా?" అడిగేవాడు ఆయన, ప్రతి పదిసార్లు తెడ్డేశాక.

"ఆడుతోంది."

"సరే, లాగు."

ఇంకా అరమైలు ఉందనగా పాయ లోపలినుంచి ఎర్రదీపం, తెల్లదీపం వచ్చేశాయి. సరుకు తక్కువేమో, స్టీమరు ముందే తిరిగింది. ఒడ్డుకి చేరి గుంజకి లాంతర్లు కట్టే వ్యవధి లేదు. "వచ్చేస్తోంది మావయ్యా, పోతోంది," అని అరిచింది ఒలీనా.

"లాంతర్లు రెండూ ఇటివ్వు."

చేతి తొడుగులు పళ్ళతో లాగేశాడు. డెబ్బై ఏళ్ళు ముళ్ళు వేసిన వేళ్ళు. చీకట్లో, ఊగే పడవలో, తన తెడ్డు కొనకి ఒక లాంతరు, దానికి మూరెడు కింద ఇంకొకటి బిగించాయి. తొడుగులు పడవ అడుగున నీళ్ళలో పడిపోయాయి. ఒలీనా వంగి వెతకబోతే వద్దన్నాడు. కాళ్ళు ఎడంగా పెట్టి లేచి నిలబడి, తెడ్డుని నిట్టనిలువుగా, గుంజలాగా, ఉత్త చేతులతో పట్టుకున్నాడు.

"పడవ తిరగకుండా పట్టుకో. స్టీమరు ఎటుందో చెబుతూ ఉండు," అన్నాడు. తర్వాత, నవ్వుతున్నట్టే, "నా కళ్ళకి ఎప్పుడూ చీకటేగా."

ఒలీనా ఏడ్చింది. ఏడుస్తూనే చెప్పింది, కుడికి, ఇంకాస్త కుడికి. పావుగంట. నిలబడి ఉన్నాడు ఆయన. మధ్యలో ఒకసారి మోకాలు వంగింది, మళ్ళీ నిలబడ్డాడు. స్టీమరు ఒక్క పొడుగాటి కూత కూసి, ఇంజను తగ్గించి, వాళ్ళవైపు తిరిగింది.

పైకి లాగినవాళ్ళు ముసలాయన అరచేతుల్ని తెడ్డునుంచి విడదియ్యడానికి గోరువెచ్చని నీళ్ళు పొయ్యాల్సొచ్చింది. కొంత చర్మం కర్రకే ఉండిపోయింది. కెప్టెను పిల్ల గొంతు చూసి, టపా గది ఖాళీ చేయించి, తలుపు వేసి, ఎవర్నీ రానివ్వలేదు. నడుపు అని అరిచాడు. మధ్యలో రెండు చోట్ల ఎవరో లాంతర్లు కట్టినా ఆగలేదట. అది స్టీమరులో పనిచేసినవాళ్ళు చెప్పిన మాట.

ఆసుపత్రిలో డాక్టరు సూది వేశాడు. "నా చేతిలో ఉన్నది చేసేశానమ్మా. రెండు మూడు రోజులు చూద్దాం," అన్నాడు. పైన ఒక గదిలో సిగ్నె, కింద మగవాళ్ళ గదిలో అమాండస్. ఆయనకి అరచేతులు పోయిన బాధకన్నా ఊపిరితిత్తుల్లో పట్టిన చలి ఎక్కువైంది. ఒలీనా పైకీ కిందకీ తిరిగింది, వెళ్ళిన ప్రతిసారీ చేతులు కడిగి, తెల్లగౌను మార్చి. పైన ఉంటే కింద ఏమవుతోందోనని, కింద ఉంటే పైన ఏమవుతోందోనని. రెండు గరగరలూ చెవిలో ఒకేలా ఉండేవి. ఎవరు పోయినా అది తన పనే. తోడుగా ఏడవడానికి మొగుడు కూడా లేడు, సముద్రంలో ఉన్నాడు, తెలియదు.

మూడోరోజు సిగ్నె గొంతులో పొర ఊడింది. ఊపిరి పలచగా, చప్పుడు లేకుండా వచ్చింది. ఒలీనా ఆ సంగతి చెప్పడానికి కిందకి పరుగెత్తింది. చెప్పింది. ముసలాయన కళ్ళు మూసుకునే తలూపాడు. "దక్షిణాది పిల్ల బాగానే లాగింది తెడ్డు," అన్నాడు. ఆయన ఆమెని పొగిడిన మొదటి మాట అదే.

నాలుగోరోజు ఆమె ఆయన పక్కన కూర్చుని ఉండగా, ఆయన ఉలిక్కిపడి లేచాడు. చాలాసేపటికి ఊపిరి కూడదీసుకుని అడిగాడు.

"పొద్దునా, సాయంత్రమా?"

ఒలీనా నోరు తెరిచింది. కిటికీ బయట నలుపు. గోడమీద ఏడు. తను ఎప్పుడు వచ్చి కూర్చుందో, ఈ నాలుగు రోజుల్లో ఎప్పుడు తిన్నదో, ఎప్పుడు కునికిందో ఏమీ గుర్తు రాలేదు. పొద్దున అనిపించింది. అనిపించడం ఎంత పని చేసిందో ఆమెకి తెలుసు. ఈసారి తప్పు చెప్పకూడదు. ఈయనకి తప్పు చెప్పకూడదు.

"ఒక్క నిమిషం మావయ్యా. కనుక్కొస్తాను."

నడవలో ఎవరూ లేరు. నడవ చివర వంటగదిదాకా పరుగెత్తింది. నర్సు అక్కడ జావ కలుపుతోంది. పొద్దునేనమ్మా, ఏడూ పది, అంది నర్సు, వింతగా చూస్తూ. ఒలీనా మళ్ళీ ఒకసారి, నిజంగానా అని అడిగి, వెనక్కి పరుగెత్తింది.

"పొద్దున, మావయ్యా. ఏడూ పది. ఆరోజు మీరన్నదే..."

ఆయన గోడవైపు తిరిగి ఉన్నాడు. ఆమె వంగి, చెవి దగ్గర, సిగ్నె చెప్పేటట్టు, మళ్ళీ చెప్పింది. అమ్మయ్య బతికించావు అనలేదు. ఎన్నిసార్లు చెప్పినా అనలేదు.

తర్వాత అయిదు రోజులకి సూర్యుడొచ్చాడు. మధ్యాహ్నం కొండ కొమ్మున, గోరంత. బళ్ళోంచి పిల్లల్ని వదిలేశారు, వీధిలో కేరింతలు. నర్సు ఒక తియ్యటి రొట్టె తెచ్చి, సూర్యుడు తిరిగొచ్చినరోజు సూర్యుడి రొట్టె తినాలి, మింగగలవా అని సిగ్నె చేతిలో పెట్టింది. పిల్ల చిన్న ముక్క కొరికి, మింగి, నొప్పికి మొహం చిట్లించి, కిటికీవైపు చూసింది. ఎదురుగోడమీద పసుప్పచ్చటి గీత ఒకటి పడింది.

"అమ్మా," అంది, గొంతు ఇంకా బొంగురే. "తాతయ్య ఇక్కడ అడగలేదేం?"

"అడిగాడమ్మా."

"మరి ఎవరు చెప్పారు?"

"నేనే చెప్పాను," అంది ఒలీనా. "కాస్త ఆలస్యంగా చెప్పాను."